ఎండ పెట్టె, తొమ్మిది గంటల అన్నం

రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో గుంటూరు వైపునుంచి వచ్చి, నాంపల్లి స్టేషను వెనక ఒక పాత ఇంట్లో రెండు గదుల వాటా కిరాయికి తీసుకున్నాం. ఇంట్లో ఉన్నది మా ఆవిడా నేనూ, ఇద్దరమే. నేను అబిడ్స్‌లో ఒక అద్దాల దుకాణంలో పనిచేసేవాణ్ని. షోకేసుకు, కిటికీకి ఎంత అద్దం పడుతుందో కొలిచి, కోతలో ఎంత తరుగు పోతుందో ముందుగా చెప్పడం నా పని. పెద్దగా చదువుకోలేదు. కోణాలూ వైశాల్యాలూ వేడి సంగతులూ ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు కొని, నాకు నేనే నేర్చుకున్నాను. అందుకని ఏ కష్టం వచ్చినా ముందు దాన్ని కొలవాలని చూస్తాను. మా ఆవిడకు ఉబ్బసం ముదిరినప్పుడు కూడా ఆ పనే చేశాను. కొలత సరిగానే వచ్చింది. కొలవాల్సిన వస్తువే వేరు.

మేం వచ్చిన చాలా ఏళ్లకు కిరసనాయిలు దొరకని రోజులు వచ్చాయి. రేషను దుకాణం ముందు డబ్బాలు వరుసలో ఉండేవి, మనుషులు ఎదుటి గోడ నీడలో ఉండేవాళ్లు. గ్యాసుకు పేరు రాయించాను కానీ ఎప్పటికి వస్తుందో రాసుకున్నవాళ్లకే తెలియదు. బొగ్గు మా తాహతుకు మించింది. మిగిలింది రంపపు పొట్టు. రేకు డబ్బా నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, రోకలిని మెల్లగా పైకి లాగేస్తే మధ్యలో గొట్టంలా ఖాళీ మిగులుతుంది. కింద కన్నంలో నిప్పు పెడితే పొట్టు లోపలినుంచి రాజుకుంటుంది. పొడిగా ఉంటే మంట, కాస్త చెమ్మ తగిలితే అంతా పొగే. మా వంటింటికి కిటికీ లేదు. ఆ పొగ తలుపులోంచి ఉమ్మడి వాకిట్లోకి పోవాలి, లేదా మా ఆవిడ గుండెల్లోకి పోవాలి.

ఆ చలికాలం ఆమె పడుకోవడం మానేసింది. పడుకుంటే ఊపిరి అందదు. గోడకు దిండు ఆనించి కూర్చుని, కూర్చున్నట్టే కళ్లు మూసుకునేది. ఒక మాట చెప్పాలంటే మధ్యలో రెండుసార్లు ఆగేది. డాక్టరు మందుచీటీ రాస్తూ అడిగాడు.

“ఇంట్ల పొయ్యి ఏంది?”

“పొట్టు పొయ్యి.”

ఆయన కలం ఆపాడు. “మరి నేను రాసుడెందుకు? నేను పొద్దున రాసింది మీ పొయ్యి సాయంత్రానికి కొట్టేస్తది. పొగ బంద్ చేయండి. చేయకుంటే వచ్చే చలికాలం నా దగ్గరికి రావద్దు.”

“పొగ మానేస్తే... ఈయనకు అన్నం... ఎలాగండీ?” అంది మా ఆవిడ. ఆమె పరిహాసానికే అంది. డాక్టరు నవ్వలేదు. పొయ్యి ఆర్పితే తిండి లేదు, పొయ్యి వెలిగిస్తే మనిషి లేదు. ఈ రెండిటి మధ్యా మూడో దారి ఏ లెక్కలోనూ కనబడలేదు.

జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో స్టాళ్లకు అద్దాలు బిగించే పని మా దుకాణానికి వచ్చింది. ఒక సాయంత్రం పని ముగించుకుని వస్తుంటే ఒక స్టాలులో పెద్ద పళ్లెంలాంటి మెరిసే రేకు, దాని నడుమ ఒక గిన్నె కనిపించాయి. ఎండపొయ్యి అని బోర్డు. నేను ఆగిపోయాను.

“దీనిమీద అన్నం ఉడుకుతుందా?”

“ఎండుంటే పప్పు గూడ ఉడుకుతది సార్,” అన్నాడు స్టాలతను.

“చూపించండి.”

“ఇప్పుడెట్ల? ఎండల రావాలె.”

“ఎండలో ఇక్కడ గేటు తీస్తారా?”

“తియ్యరు. నేను గదే మొత్తుకుంటున్న మావోళ్లకు. రోజూ ట్యూబులైటు కింద నిలబడి ఎండపొయ్యి అమ్ముమంటరు. పక్క స్టాలాయన పాపడాలు వేయించి అమ్ముతుండు, నన్ను చూసి నవ్వుతుండు.”

ఆ పళ్లెం కొనే స్తోమత నాకు లేదు. ఉన్నా పనికిరాదు. దాన్ని మాటిమాటికీ ఎండకు తిప్పుతూ పక్కనే నిలబడాలి. మా ఆవిడ నిలబడలేదు. కానీ నడిచి ఇంటికి వస్తుండగా అబిడ్స్ షోకేసులు గుర్తొచ్చాయి. పడమటి ఎండ పడే షోకేసుల్లో సబ్బులు మెత్తబడుతున్నాయని, మిఠాయి కారుతోందని దుకాణాలవాళ్లు మమ్మల్ని తిట్టని వేసవి లేదు. తెరలు కట్టుకోమని చెప్పి పంపేవాళ్లం. అద్దం ఎండను లోపలికి రానిస్తుంది, లోపల పుట్టిన వేడిని బయటికి పోనివ్వదు. ఇన్నేళ్లూ దుకాణదారులకు తెచ్చిపెట్టిన ఆ చిక్కే నాకు కావాలి. సబ్బు కరిగించే షోకేసును ఇంకాస్త బిగిస్తే బియ్యం ఉడకదా?

అద్దాలు వచ్చే దేవదారు పెట్టె ఒకటి యజమానిని అడిగి తెచ్చుకున్నాను. దానిలో ఇంకో చిన్న పెట్టె. రెండు పెట్టెల మధ్య సందులో రంపపు పొట్టు దట్టించాను. రోజూ మా ఆవిడను కాల్చుకుతింటున్న పొట్టే, ఇక్కడ వేడి బయటికి పోకుండా కాపలా కాయాలి. లోపల నల్లరంగు పూసిన రేకు. పైన ఒక వేలు మందం ఎడంతో రెండు అద్దాలు. మూతకు పగిలిన నిలువుటద్దం ముక్క, ఎండను మళ్లీ లోపలికి తిప్పడానికి. ఆ అద్దం ఏ నెలలో ఎంత వంచాలో గీతలు గీసి పెట్టుకున్నాను. అల్యూమినియం గిన్నెకు బయట నల్లరంగు వేశాను. గంజి వార్చే వీలుండదు కాబట్టి బియ్యానికి నీళ్లు కొలిచి పోయాలి. ఆ కొలత కుదరడానికి కొన్ని పూటలు జావ తాగాం, కొన్ని పూటలు పలుకులు నమిలాం.

పెట్టె డాబా మీద పెట్టిన ఆదివారమే ఇంటావిడ పైకి వచ్చింది. ఆమె తరాలుగా ఇక్కడి మనిషి. భర్త పోయాక ఇవతలి వాటా మాకిచ్చి, వాకిలికి అవతలి గదుల్లో ఒక్కతే ఉండేది. మా ఆవిడ ఆమెను పిన్నిగారూ అని పిలిచేది.

“ఏందయ్యా గిది? నా మిరపకాయలు ఎండవోసే జాగల శవపెట్టె పెట్టినవు?”

“శవపెట్టె కాదండీ. పొయ్యి.”

“పొయ్యా? నిప్పేది?”

నేను పైకి చూపించాను. ఆమె కూడా తలెత్తి చూసి, వెంటనే కళ్లు చికిలించి, కొంగు అడ్డం పెట్టుకుంది. “జర దిమాగ్ చల్లగ వెట్టుకో అయ్యా. ఎండ నీ పెట్టెల గాదు, నీ నెత్తిల దూరింది.”

మధ్యాహ్నం మూత తీస్తే ఆవిరి ఆమె మొహానికి కొట్టింది. కందిపప్పు వేలితో నొక్కి చూసింది. మళ్లీ నొక్కింది. మిరపకాయలు పక్కకు జరుపుకుంది. ఆమె చేత జాగా ఖాళీ చేయించడం ఆ ఇంట్లో చిన్న సంగతి కాదు.

అన్నం కిందికి తీసుకెళ్లాను. మా ఆవిడ ఒక ముద్ద తిని ఆలోచించింది. “బాగానే ఉందండీ. పొగ వాసన... లేదు కదా. ఏదో వెలితిగా ఉంది.”

నేను గెలిచాననుకున్నాను. నెల చివర కట్టెల అడితికి పొట్టు తేవడానికి వెళ్లినప్పుడు తెలిసింది, గెలవలేదని. కిందటి బస్తా ఎన్నాళ్లు వచ్చిందో ఇదీ అన్నాళ్లే వచ్చింది. నేను ఎండలో అంత పప్పు ఉడికించినా పొయ్యిలో పడిన పొట్టు పిడికెడు కూడా తగ్గలేదు. అడితి ముందు బస్తా పట్టుకుని నిలబడి, లెక్క ఎక్కడ తప్పిందా అని వెతికాను. తప్పు అంకెల్లో లేదు, మా విస్తరిలో ఉంది.

మా వైపు ఉద్యోగాలు చేసేవాళ్ల ఇళ్లలో తొమ్మిది గంటలకు అన్నం తింటారు. టిఫిను కాదు, అన్నమే. పప్పు, కూర, పచ్చడి, మజ్జిగ, అంతా వేడిగా వడ్డించి, తిన్నాక గానీ మనిషిని గడప దాటనివ్వరు. హైదరాబాదుకు వచ్చినా ఆ అలవాటు మాతోనే వచ్చింది. మా ఇంట్లో వంటంతా తొమ్మిదికి ముందే జరిగేది. తెల్లవారుతూనే పొయ్యి రాజేసేది మా ఆవిడ. ఒకసారి రాజుకున్నాక ఎంత వండినా డబ్బాలో పొట్టంతా కాలిపోవాల్సిందే. పెట్టెలో వేడి పుట్టేదే పది దాటాక. పెట్టె వండింది మా ఆవిడ ఒక్కతే తినే మధ్యాహ్నపు ముద్ద, రాత్రి పప్పు మాత్రమే. ఎండ ఎంత వస్తుందో కొలిచాను, ఎప్పుడు వస్తుందో కూడా నాకు తెలుసు. మేము ఎప్పుడు తింటామో మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. రోజూ తినేవాణ్ని నేనే అయినా.

ఆ సాయంత్రమే చెప్పాను. “రేపటినుంచి పొద్దున పొయ్యి వద్దు. ముందురోజు ఎండలో వండిన అన్నం మజ్జిగతో పెట్టు. మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడిగా తింటాను.”

ఆమె మొహం మారిపోయింది. “పొలం పోయేవాడికి... పెట్టినట్టు... చద్దన్నం పెట్టి పంపమంటారా? ఆఫీసుకు పోయే మనిషిని?”

“నేను పోయేది దుకాణానికి.”

“ఏదైతేనేం? నేను బతికుండగా... మీరు వేడన్నం లేకుండా... గడప దాటరు.”

“నువ్వు బతికుండడానికే కదా చెప్పేది.”

“ఆ మాట అనకండి,” అంది. మళ్లీ పొద్దున పొయ్యి రాజుకుంది. నేను మళ్లీ తిన్నాను. ఎంత ఘోరమైన సంగతైనా కంచంలో పెట్టి ముందుంచితే తింటామని ఆ వారంలో తెలుసుకున్నాను. పొగ వస్తున్నా, లోపలినుంచి ఆమె ఈల లాంటి ఊపిరి వినబడుతున్నా, ముద్ద దిగేది.

ఒక పొద్దున వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె వదిలేసింది. గుమ్మం పట్టుకుని నిలబడింది. నోరు తెరుచుకుంది గానీ గాలి లోపలికి పోవడం లేదు. పెదవులు నీలంగా మారాయి. ఇంటావిడ పరుగెత్తుకొచ్చి ఆమె వీపు రాస్తూ నా మీద అరిచింది, “ఎంగిలి చెయ్యేసుకుని గట్ల నిలబడ్డవేందయ్యా! రిక్షా తే!” స్టేషను ముందు రిక్షా దొరికింది. దవాఖాన దాకా ఆమె తల నా భుజం మీద ఉంది. ఒక్కో ఊపిరికీ నా చొక్కా పట్టుకునేది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. అంతవరకూ దేన్నయినా కొలవకుండా ఉండలేని నేను, ఆ ఎడాన్ని కొలవకూడదని కళ్లు మూసుకున్నాను.

దవాఖానలో వేసిన సూది పని చేసింది. ఇంటికి తెచ్చాక పొట్టు డబ్బాను అడితి దగ్గర పారేసి వచ్చాను. ఆమె చూసింది, వద్దనలేదు. వద్దనే ఓపిక లేదు.

మర్నాడు మజ్జిగన్నం తిని వెళ్లి, యజమానిని మధ్యాహ్నం ఇంటికి వెళ్లనివ్వమని అడిగాను. పాత హైదరాబాదు వ్యాపారి, పని చెడకపోతే మనిషిని కష్టపెట్టేవాడు కాదు.

“ఇంటికెందుకు?”

“అప్పటికి అన్నం అవుతుందండీ. ఎండలో.”

“సూర్యుడు నీకు వంటాయనా?” అని గల్లా మీద చెయ్యేసి పగలబడి నవ్వాడు. “మరి జీతమెంతిస్తున్నవ్? మా ఇంటికి గూడ తోలు.” నేను నవ్వలేకపోయాను. నా మొహం చూసి ఆయనే తగ్గాడు. “ఔ, పో. గిరాకీ లేని టైమే గదా. మబ్బు వట్టిననాడు మాత్రం నీ వంటాయన నాగా, నీ నాగా రెండూ నేను భరించ.”

పొద్దున పొయ్యి ఆగింది. వేసవి ఎండలకు పెట్టె చెలరేగిపోయింది. అన్నం, పప్పు, దుంపలు, ఒకసారి సేమియా పాయసం కూడా. కిరసనాయిలు వరుస లేదు, అడితి లేదు, బూడిద ఎత్తిపోసే పని లేదు. గోడలకు వెల్ల వేయించాం. అయినా ఆమెకు తగ్గినట్టే తగ్గి, పూర్తిగా తగ్గలేదు. నేను దుకాణంలో ఉన్నప్పుడు దగ్గు వస్తోందనేది. ఒక సెలవురోజు ఇంట్లో కూర్చుని కనిపెట్టాను. వాకిలికి అవతల ఇంటావిడ పిడకల పొయ్యి ముట్టించింది. పొగ వాకిట్లో ఒకసారి చుట్టు తిరిగి, దారి తెలిసినదానిలా మా గుమ్మంలోకి వచ్చింది. మా ఆవిడ దిండుకు ఆనుకుంది.

మా పొయ్యి ఆర్పాను. గాలికి వాటాలు లేవన్న సంగతి మరిచాను.

చేతులు జోడించి వెళ్లాను. విషయం చెప్పగానే ఇంటావిడ లేచింది. “నా ఇంట్ల నా పొయ్యి నేను ముట్టియొద్దా? కిరాయికొచ్చినోళ్లు చెప్పాల్నా?”

“మీకూ ఒక పెట్టె చేసిస్తానండీ.”

“నీ పెట్టెల జొన్నరొట్టె అయితదా?”

కాదు. రొట్టెకు పెనం మీద చురుకైన సెగ కావాలి. పెట్టెలో వేడి నిదానంగా ఉడికిస్తుంది, కాల్చదు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. “కాదండీ,” అన్నాను.

“మరి? రొట్టె లేకుంటే నాకు తిన్నట్టుంటదా? నీ పెండ్లాం కోసం నేను పస్తులుండాల్నా?”

నాకు తెలిసిన లెక్కలన్నీ అక్కడితో అయిపోయాయి. ఆమె గుమ్మంలో నిలబడే తెలిసిన పేటలన్నీ తలుచుకున్నాను. ఇక ఇల్లు మారాలి. పొగ లేని వాకిలి ఈ నగరంలో మా కిరాయికి ఎక్కడ దొరుకుతుంది? ఖైరతాబాదు వెళ్లినా బషీర్‌బాగ్ వెళ్లినా పక్కవాటాలో ఒక పొయ్యి ఉంటుంది.

ఇంటావిడ నన్ను పక్కకు నెట్టి మా వాటాలోకి వెళ్లింది. మా ఆవిడ ముందు కూలబడి, ఆమె వీపు మీద చెవి ఆనించి విన్నది. “వామ్మో, లోపల పిల్లి గుర్రుమన్నట్టుంది గదనే బిడ్డా,” అంది. “గింత ఉన్నా నోరెత్తవేంది?”

“మీ పొయ్యి... మీ ఇష్టం కదా పిన్నిగారూ.”

“నా ఇష్టం నాకు తెల్వదా?”

మర్నాడు మధ్యాహ్నం వచ్చేసరికి ఆమె పొయ్యి డాబా మీద, గాలి వీచే మూలకు చేరింది. రొట్టెలు అక్కడే కాలుస్తోంది, మొహమంతా చెమట. పక్కన మా పెట్టెలో రెండు గిన్నెలు, ఒకటి మాది, ఒకటి ఆమె పప్పుది. “పప్పు సూర్యునిది, రొట్టె నాది,” అంది. “పొగ పైకే పోతది, దేవునికి ఉబ్బసం ఉండదు గదా.” ఎండ జరిగినప్పుడు పెట్టెను తిప్పే పని కూడా ఆమే పెట్టుకుంది. ఆమె నోటివల్ల సంగతి గల్లీ అంతా పాకింది. పప్పు నొక్కి చూడడానికి ఆడవాళ్లు వచ్చేవారు. ఆ వేసవిలో తరుగు అద్దాలతో ఇంకొన్ని పెట్టెలు చేసిచ్చాను. పుణ్యానికి చేశానని కొందరు అనుకున్నారు. కాదు. గాలి మా గుమ్మానికి ఏ వైపునుంచి వస్తుందో చూసుకుని, ఆ వైపు ఇళ్లకు ముందు చేశాను.

జూన్‌లో మబ్బులు వచ్చాయి. ఆ నెలంతా నాకు భయమే. పెట్టె అద్దం మీద చినుకులు పడుతుంటే, లోపల బియ్యం నానుతూ ఉండేది. ఒక పూట అటుకులు, ఒక పూట బ్రెడ్డు, అరటిపళ్లు. మూడో పూటకు మా ఆవిడ లేచి, “పిన్నిగారి పొయ్యి మీద నేను వండుతాను,” అంది.

“పొగకు నువ్వు పోవడానికి వీల్లేదు.”

“మరెవరు పోతారు?”

ఇంటావిడ పైనుంచి విని కేకేసింది. “ఆయన లేడా? పెట్టెలు చేసెటోనికి గిన్నె దించరాదా? నువ్వు గీడికి రాకు బిడ్డా, గాడనే ఉండు.”

వానలకని డాబా మీద వేసుకున్న రేకు కప్పు కింద ఆమె పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాను. వాన గాలికి పొగ పైకి పోకుండా నా మొహానికే తిరిగింది. కళ్లనుంచి ధారలు. ఊదుగొట్టంతో ఊదితే పొగ లోపలికి వచ్చింది, దగ్గు తెరలు తెరలుగా పట్టుకుంది. గిన్నె కనబడలేదు, నీళ్లెన్ని పోశానో మరిచాను. తల పక్కకు తిప్పి ఊపిరి పీల్చుకుని మళ్లీ ఊదాను. ఇంటావిడ గొడుగు పట్టుకుని నిలబడి చూస్తోంది. “ఊదు ఊదు,” అంది, “ఇన్నేండ్లు తిన్నవు గదా.”

కిందనుంచి మా ఆవిడ గొంతు వచ్చింది. “ఏమండీ, అన్నం అడుగంటుతోంది, వాసన ఇక్కడిదాకా వచ్చింది, మంట తగ్గించి మూత తీయండి, గరిటె పెట్టి కెలక్కండి!”

అంత మాటా చెబుతూ ఆమె మధ్యలో ఎక్కడా ఆగలేదు. చివర్న ఒక దగ్గు వచ్చింది. మూత చేతిలో పట్టుకుని, అది ఆగేదాకా విన్నాను. ఆగింది. మంట తగ్గించాను.